లేపే పండు

రెండు నెలలు తీరిక దొరక్క, మొన్న సీతాఫలాల కోసం వరంగల్ స్టేషన్ రోడ్డుకు వెళ్తే చాచా పండ్ల బండి ఉంది, ఆయన లేడు. బండి వెనుక ఆయన కూతురు నిలబడి ఉంది. ఇంట్లో మిషన్ మీద బట్టలు కుడుతుందని ఆయనే ఒకసారి చెప్పాడు. పండ్లన్నీ ఒకే కుప్పగా పోసి ఉన్నాయి. ఆయన ఉంటే అట్లా పోయనిచ్చేవాడు కాదు. అడగకముందే నాకు విషయం సగం అర్థమైంది.

“మా అబ్బ పోయిండు మేడం. నెల దాటింది,” అంది ఆ అమ్మాయి. “షుగర్ ఉండె గద. నాలుగు దినాలు దవాఖానల ఉన్నడు, అంతే.”

మూడు సీతాఫలాలు చేతిలోకి తీసుకున్నాను. మూడింటిలో ఏది ఇవాళ తినాలో, ఏది రేపటికి ఆగుతుందో తెలియలేదు. నేను వృక్షశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్న మనిషిని. కాయ ఎందుకు పండుతుంది, లోపల ఏ జీన్ లేచి ఏ జీన్‌ను నడిపిస్తుంది అని ఐదేళ్ళు తిరిగి, లావుపాటి థీసిస్ ఒకటి రాసి, దానికి నల్ల అట్ట వేయించి, బంగారు అక్షరాలు కొట్టించుకున్నాను. చేతిలో పండు పెట్టి ఇది ఎన్నటికి పండుతుందో చెప్పమంటే మాత్రం నోరు తెరవలేను. ఆయన చెప్పేవాడు. ఆయనకు నేనొక మాట కూడా ఇచ్చి ఉన్నాను. అది తీర్చకముందే పోయాడు.

నేను పరిశోధన చేసిన రోజుల్లో మా డిపార్ట్‌మెంట్‌కు ఆయన కాంట్రాక్టు అటెండరు. ప్రొఫెసర్ల నుంచి స్వీపరు దాకా అందరూ చాచా అనేవాళ్ళు. పొట్టి మనిషి, సగం నెరిసిన గడ్డం, చొక్కా జేబులో పండ్లు కోసుకునే చిన్న చాకు. పొద్దున మొక్కలకు నీళ్ళు పోయడం, గాజుసామాను కడగడం, మధ్యాహ్నం మూడింటికి అందరి ఫైళ్ళూ జమచేసి సార్ల గదులకు, ఆఫీసుకు మోయడం ఆయన పని.

పండును ఆయన ఎప్పుడూ వేళ్ళతో నొక్కేవాడు కాదు. పిల్లకు జ్వరం చూసినట్టు చేతి వెనుక భాగం ఆనించేవాడు. తర్వాత తొడిమ దగ్గర వాసన చూసేవాడు. అంతే, తీర్పు వచ్చేది. “ఇది ఇయ్యాల్టిది. ఇది శుక్రారంది.” టిఫిన్ డబ్బాతో పాటు ఆయన వెంట ఒక సంచి వచ్చేది. అందులో సపోటానో, మామిడో, ఏ కాలానికి ఆ పండు. మధ్యాహ్నం పూట ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టి, “ఇయ్యాల్టిది బిడ్డా. రేపటికి ఆగది,” అనేవాడు. నేను కంప్యూటర్ నుంచి తల ఎత్తకుండా “ఆడ పెట్టు చాచా” అనేదాన్ని. చాలాసార్లు మరచిపోయేదాన్ని. మర్నాడు పొద్దునకు ఆ పండు నిజంగానే చితికిపోయి, నీరు కారి, నా కాగితాల మీద మరక చేసి ఉండేది. ఆయన దాన్ని తుడిచి, ఆ రోజు పండు అక్కడే పెట్టేవాడు.

వాళ్ళ తాత, నాయన పండ్ల మండీలో మామిడికాయలు మాగబెట్టేవాళ్ళు. ఆయనా చిన్నప్పుడు అదే పని నేర్చాడు. కాయల మధ్య ఏదో పొడి పొట్లాలు పెట్టి పొద్దుగూకి తెల్లారేసరికి పసుపు రంగు తెప్పించే పద్ధతి వచ్చాక మండీ వదిలేశాడు. ఆ పండ్ల గురించి ఎవరైనా అడిగితే ఒకటే మాట. “అది పండలే. భయపడి రంగు మారింది.”

ఆయన పద్ధతి వేరు. వరిగడ్డి పరవాలి. కాయలను తొడిమ కిందికి వచ్చేట్టు పేర్చాలి. మధ్యలో బాగా పండిన పండు ఒకటి పెట్టి, మళ్ళీ గడ్డి కప్పాలి. ఆ ఒక్కదాన్నీ ఆయన లేపే పండు అనేవాడు. “కాయలు నిద్రల ఉంటయి బిడ్డా. ఇది పోయి లేపుతది.” అన్నీ లేవవని కూడా ఆయనకు తెలుసు. దానిమ్మ, బత్తాయి, ద్రాక్ష తెంపిననాడు ఎట్లుంటే అట్లనే ఉంటాయట. మామిడి, అరటి, సీతాఫలం లేస్తాయట. ఈ విభజననే నేను ఎమ్మెస్సీలో ఒక సెమిస్టరు చదివాను. పండిన పండు ఇథిలీన్ అనే వాయువు వదులుతుందని, ఆ వాయువు పక్క కాయలోని జీన్‌లను పనిలో పెడుతుందని, అవి తొక్కకు రంగు, గుజ్జుకు తీపి, మెత్తదనం తెస్తాయని పుస్తకంలో ఉంది. పుస్తకం చెబితే అండర్‌లైన్ చేశాను. ఆయన చెబితే విన్నట్టు తల ఊపాను.

ఒకసారి బయటి నుంచి ఒక పెద్ద శాస్త్రవేత్త వచ్చి పండ్లు పండటం మీద గంటన్నర ఉపన్యాసం ఇచ్చాడు. టీలు ఇచ్చిన చాచా ఖాళీ ట్రే పట్టుకుని తలుపు దగ్గర చివరిదాకా నిలబడ్డాడు. అంతా అయ్యాక నన్ను మెల్లగా అడిగాడు. “ఆ సారు ఎన్నడన్న మాగబెట్టిండా?” నేను నవ్వి వచ్చేశాను. ఆయన నవ్వు కోసం అడగలేదని ఇప్పుడనిపిస్తుంది.

నా పరిశోధన టమాటాల మీద. గింజలను ఒక రసాయనంలో నానబెట్టి, లోపలి జీన్‌లను అక్కడక్కడ చెడగొట్టి, ఆ గింజలు నాటి, కాయలు పండని మొక్కల కోసం వెతకడం. ఒక జీన్ చెడితే ఏ పని ఆగిపోతుందో చూస్తే, బాగున్నప్పుడు అది ఏం చేస్తుందో తెలుస్తుంది. వెతకగా వెతకగా అట్లాంటి మొక్కలు రెండు దొరికాయి. వాటి నంబర్లు పదిహేడు, నలభై ఒకటి. వాటి కాయలు పెరుగుతాయి, గింజ పడుతుంది, ఆ తర్వాత పాలిపోయిన రంగులో అట్లాగే ఉండిపోతాయి. ఎర్రబడవు, మెత్తబడవు. తొర్రూరులో పత్తి, మిరప పండించే మా నాయన ఒకసారి వచ్చి వాటిని చూసి, “దీనికి సర్కారు పైసలిస్తాందా?” అని అడిగి పోయాడు. నాకు మాత్రం అవే ప్రాణం. కాయ పండకపోవడమే నా థీసిస్.

ఆ మొక్కలకు నాలుగేళ్ళు నీళ్ళు పోసిన మనిషికి ఈ సంగతి నేను చెప్పలేదు. ఆయన అడగలేదని కాదు. “ఏం పని బిడ్డా ఇది?” అని ఒకసారి అడిగాడు. “టమాటలు చాచా,” అన్నాను. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. మా అమ్మ ఈ మాట ఊరంతా చెప్పుకునేది.

రోజూ పొద్దున నేను ఏసీ గదిలో తెంపిన కాయలు పేర్చిన ట్రేల ముందు నిలబడి, కాయలను తిప్పి చూసి, నోట్‌బుక్‌లో రాసుకుని, ఏదో ఆలోచిస్తూ ఒక నిట్టూర్పు విడిచేదాన్ని. “ఇయ్యాల గూడ పండలేదా బిడ్డా?” అనేవాడు. “లేదు చాచా.” ఆయనా నిట్టూర్చేవాడు. ఆయన దృష్టిలో నేను ఏళ్ళ తరబడి కాయలు పండించలేక అవస్థ పడుతున్న ఆడపిల్లను. మాగబెట్టే ఇంట్లో పుట్టిన మనిషికి ఇంకెట్లా కనిపిస్తాను?

నాలుగో ఏడు దసరా ముందు మా గైడు సారు నా అధ్యాయం విసిరేసినంత పని చేశాడు. రెండు మొక్కల్లోనూ చెడింది ఒకే జీన్ అని నేను రాశాను. పండటానికి కావలసిన పనులన్నీ పురమాయించే పెద్ద జీన్ అది. “రుజువేది? ఫెల్లోషిప్ అయిపోతోంది. ఈ కాయల కథ ఎప్పటికి తేలుతుంది?” అన్నాడు. కారిడార్‌లోకి వచ్చి ఫ్రిజ్ పక్కన నిలబడి ఏడ్చాను. చాచా చూశాడు.

“కాయల గురించేనా బిడ్డా?”

“ఆఁ.”

“ఫికర్ చేయకు. నువ్వు పండుగకు పో. నేను సూసుకుంట.”

గదిలో ఏసీ సంగతి చూసుకుంటాడనుకున్నాను. సద్దుల బతుకమ్మకు తొర్రూరు బస్సెక్కాను. సెలవుల నుంచి రాగానే ఆ రెండు ట్రేల కాయలను కోసి, ముక్కలను డీప్ ఫ్రీజర్‌లో దాచి, వాటిలో ఏ జీన్ పనిచేస్తోంది, ఏది లేదు అని చూడాలి. ఆ సీజన్‌కు నా దగ్గర ఉన్న కాయలు అవే.

తిరిగి వచ్చిన రోజు గది తలుపు తీయగానే సీతాఫలం వాసన వచ్చింది. రెండు ట్రేల నిండా వరిగడ్డి. చాచా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

“గడ్డి మా బామ్మర్ది ఘన్‌పూర్ నుంచి తెచ్చిండు. ట్రేకు నాలుగు సీతాఫలాలు పెట్టిన. సూడు బిడ్డా, సగం పండినయి. తతిమ్మయి జర మొండియి. ఇంకో రెండు దినాలు ఆగితె అవి గూడ లేస్తయి.”

నేను అరిచాను. ఏమేం అన్నానో అన్నీ గుర్తు లేవు. ఒక్కటి మాత్రం పోదు. “సదువు రాకపోతె రాకపాయె, ముట్టొద్దన్న కాయలు ముట్టొద్దని గూడ తెల్వదా నీకు?” అన్నాను. నిజానికి ముట్టొద్దని నేను ఎన్నడూ నోటితో చెప్పలేదు. ట్రే మీద ఇంగ్లీషులో రాసి అతికించాను. పక్క ల్యాబుల వాళ్ళు వచ్చి నిలబడ్డారు. చాచా వంగి, కింద పడ్డ గడ్డిపోచలను ఒక్కొక్కటే ఏరి జేబులో వేసుకోవడం మొదలుపెట్టాడు. ఆ మాట, ఆ ఏరడం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

“జరిగింది రాసివ్వు. ఆలస్యం ఎందుకైందని అడిగితే నా దగ్గర కాగితం ఉండాలి,” అన్నాడు గైడు సారు. అరగంటలో రాశాను. ఫలానా అటెండరు అనుమతి లేకుండా నా నమూనాలను పాడుచేశాడని ఇంగ్లీషులో. అప్పటిదాకా ఆయన పూర్తి పేరు నాకు తెలియదు. హాజరు రిజిస్టరు తెప్పించుకుని, చూసి రాశాను. కాగితం ఫైల్లో పెట్టాను. మూడింటికి ఆయన ఎప్పటిలాగే ఫైళ్ళకు వచ్చాడు. నేను ఎప్పటిలాగే ఇచ్చాను. కాగితం అంచు జారి బయటికి వస్తుంటే సర్దుకుని, ఫైళ్ళన్నీ చంకన పెట్టుకుని పోయాడు.

సాయంత్రం ఆ కాయలను పారేద్దామని ట్రేలు ఎత్తాను. అప్పుడు చూశాను. ఎర్రబడినవన్నీ నలభై ఒకటో నంబరువే. ఒక్కటి మిగలకుండా పండాయి. పదిహేడులో ఒక్కటి కూడా రంగు మారలేదు. అదే గది, అదే గడ్డి, అవే సీతాఫలాలు. ట్రే పట్టుకుని నేల మీదే కూర్చున్నాను. రెండింటిలో చెడింది ఒకే జీన్ కాదు. నలభై ఒకటిలో వాయువును తయారుచేసే జీన్ ఒక్కటే చెడింది. మిగతా సరంజామా అంతా సిద్ధంగా ఉంది కనుక, సీతాఫలం నుంచి వాయువు అందగానే కాయ పండింది. పదిహేడులో పనులు పురమాయించే పెద్ద జీన్ చెడింది. దానికి ఎంత వాయువు ఇచ్చినా ఒకటే. సారు అడిగిన రుజువు, నేను రాసింది తప్పనే రుజువు, వరిగడ్డి కింద ఉంది.

సారు గదికి పరుగెత్తాను. విని ఆయన లేచి నిలబడ్డాడు. “గాజు జాడీల్లో పెట్టి, గ్యాస్ కొలిచి, మళ్ళీ చెయ్యి,” అన్నాడు. మధ్యాహ్నం పంపిన కాగితం ఆయన బల్ల మీదే ఉంది. నాకు కనబడింది. వాపసు ఇవ్వమని అడగవచ్చు. అడిగితే, ఈ ప్రయోగం మొదట ఎవరు చేశారో చెప్పాలి. నాలుగేళ్ళ పరిశోధనకు దిక్కు చూపింది అటెండరు పెట్టిన సీతాఫలం అని చెప్పాలి. అడగలేదు. కాగితం సంగతి మరచిపోయానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. మరచిపోలేదు. చూసి వదిలేశాను.

జాడీల్లోనూ అదే ఫలితం వచ్చింది. థీసిస్‌లో “ప్రాథమిక పరిశీలనల ఆధారంగా” అని రాశాను. పరిశీలన ఎవరిదో ఆ వాక్యంలో లేదు. కృతజ్ఞతల పేజీలో సారు ఉన్నాడు, అమ్మానాన్నలు ఉన్నారు, స్నేహితులు ఉన్నారు, ఆఖరికి బైండింగ్ చేసినతను కూడా ఉన్నాడు.

నెలాఖరుకు కాంట్రాక్టు వాళ్ళ కొత్త జాబితా వచ్చింది. అందులో చాచా లేడు. ఎందుకని ఎవరూ అడగలేదు, నేను అసలే అడగలేదు. వెళ్ళే రోజు టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని వచ్చి, నా బల్ల మీద ఒక సపోటా పెట్టాడు.

“పోయొస్త బిడ్డా. ఇది ఎల్లుండిది. ఇయ్యాల కోయకు.”

ఆ ఒక్కసారి మరచిపోలేదు. చెప్పిన రోజుకే కోసుకున్నాను. సరిగ్గా పండింది. తింటుంటే ఏడుపొచ్చింది కానీ తినడం ఆపలేదు.

ఆరేళ్ళు గడిచాయి. హన్మకొండలో కాపురం, ఒక డిగ్రీ కాలేజీలో ఉద్యోగం. ఒకరోజు స్టేషన్ రోడ్డులో పండ్ల బండి వెనుక ఆయన కనబడితే ఆటో దిగకుండా వెళ్ళిపోయాను. రెండోసారీ అంతే. మూడోసారి ఆయనే చూసి చెయ్యి ఊపాడు.

“బిడ్డా, డాక్టరువైతివట గద. రా, రా. ఎట్లున్నవ్?”

దిగాను. అప్పటి నుంచి వారం వారం వెళ్ళడం అలవాటైంది.

బండి మీద పండ్లు మూడు కుప్పలుగా ఉండేవి. ఇయ్యాల్టివి, రేపటివి, ఎల్లుండివి. ఎవరు వచ్చినా ధర చెప్పకముందే “ఎన్నటికి?” అని అడిగేవాడు. ఎన్నటికి తింటారో చెప్పకపోతే పండు ఇచ్చేవాడు కాదు. రైలుకు తొందరలో ఉన్న ఒక పెద్దామె “ఎన్నటికైతె ఏంది, ఏదో ఒకటియ్యి” అంటే, “ఏదో ఒకటి నా దగ్గర లేదమ్మా” అన్నాడు. ఆమె గొణుక్కుంటూనే నిలబడి, జనగామ దాటినంక తింటానని చెప్పి, పండు తీసుకుని పోయింది. ఇంకొకాయన బొటనవేలితో సపోటాలు నొక్కుతుంటే, “సార్, మీ చెంప ఎవలన్న గట్ల నొక్కితె మీకు బాగుంటదా?” అన్నాడు. ఆయన నవ్వి, పండు కింద పెట్టాడు. దవాఖానలో ఉన్నవాళ్ళ కోసమని చెబితే మాత్రం అడగకుండానే ఇయ్యాల్టి కుప్పలోంచి ఇచ్చేవాడు. ఎందుకని అడిగాను. “రేపటిది ఎందుకు బిడ్డా? రేపు ఇంటికి పోవాలె గద,” అన్నాడు.

రెండేళ్ళు అట్లా వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ ఈసారి చెప్పేయాలనుకునేదాన్ని. పండ్లు సంచిలో పడగానే ఆటో పిలిచేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఎండ మండుతోంది. గిరాకీ లేదు. పండ్ల మీద తడిగుడ్డ కప్పుతూ ఆయనే అడిగాడు.

“ఒగ మాట అడుగుత బిడ్డా, ఏమనుకోకు. మన కాయలు ఆఖరికి ఏమైనయి? నేను ఖరాబ్ చేసినంక ఎట్ల చేసుకున్నవ్?”

 నా చదువు పాడుచేశానని ఆయన ఎనిమిదేళ్ళుగా అనుకుంటున్నాడు. అక్కడే బండి పక్కన నిలబడి, నాలుగేళ్ళలో చెప్పనిది పావుగంటలో చెప్పాను. గింజ తల్లిమొక్క నుంచి హుకుంలు తెచ్చుకుంటుందని, వాటినే మేం జీన్‌లంటామని, ఒకటి లేస్తే ఇంకొకదాన్ని లేపుతుందని, నాకు కావలసింది పండని కాయలేనని. పదిహేడు సంగతి, నలభై ఒకటి సంగతి. ఆయన గుడ్డ చేతిలో పట్టుకుని విన్నాడు.

“అంటె రెండు ఇండ్లు,” అన్నాడు చివరికి. “రంజాన్ రోజాలల్ల తెల్లారకముందు సహరీ బువ్వకు లేపేటోడు గల్లీలు తిరుగుతడు సూడు. ఒగ ఇంట్ల అందరున్నరు. లేపేటోడు రాక పండుకున్నరు. సీతాఫలం పోయి దర్వాజ కొట్టంగనె లేసి పొయ్యి ముట్టిచ్చిన్రు. ఇంకో ఇంట్ల పెద్దమనిషే లేడు. ఎంత కొట్టినా లేసి తీసేటోడు లేడు. గంతేనా?”

నేను ఒక పూర్తి అధ్యాయం రాసింది ఈ సంగతే.

“గంతే చాచా. నువ్వు ఖరాబ్ చేయలే. నువ్వు చేసిందే నా థీసిస్ అయింది.”

ఆయన గుడ్డ మడతపెట్టాడు.  తర్వాత ఆయనకు తన వ్యాపారం గుర్తొచ్చింది. “ఆ నలభై ఒకటి అసొంటి మామిడి నాకుంటే బండి మీద ఒక్కటి మురగనియ్యను. ఎవ్వలు ఎన్నటికి అడిగితె అన్నటికి లేపుదు,” అన్నాడు.

అంతదాకా వచ్చాక ఆగలేకపోయాను.

“చాచా, నీ నౌకరి పోయింది నా వల్లనే. ఆ కాగితం రాసింది నేనే.”

“ఎర్కే బిడ్డా. నేనే గద తీస్కపోయింది.”

“అండ్ల ఏమున్నదో నీకు తెల్వది గద.”

“ఇంగ్లీష్ రాదు. గని నా పేరు నాకెర్కే. రోజు రిజిస్టర్ల దాన్ని సూసే, ఎదురుంగ దస్కత్ పెట్టేటోన్ని. ఫైల్లకెల్లి కాగితం జారితె కనవడ్డది. తిట్టిన దినమే నా పేరు రాస్తివంటె ఇంకేముంటది అండ్ల?”

“మరి తొవ్వల చింపేస్తె అయిపోతుండె గద. ఎందుకిచ్చినవ్?”

ఆయన నన్ను వింతగా చూశాడు.

“నువ్వు ఇయ్యమన్నవ్ గద,” అన్నాడు. “అండ్ల అబద్ధం గూడ లేదు. పెట్టింది నేనే.”

మాట ఇచ్చింది అప్పుడే. ఆ టమాటాల మీద ఇంకో వ్యాసం రాస్తానని, ఆ ప్రయోగం మొదట చేసింది ఎవరో పేరుతో సహా అందులో పెడతానని చెప్పాను. ఒట్టు కూడా వేశాను. ఆయన ఒక మామిడిపండుకు చేతి వెనుక భాగం ఆనించి చూస్తూ, నవ్వుతూ అడిగాడు.

“ఎన్నటికి?”

ఎగతాళికే అడిగాడు.  రోజుకు ఐదు క్లాసులు, పరీక్ష పేపర్లు, ఇంట్లో ఇద్దరు పిల్లలు. వ్యాసం మొదటి పేరా రాసి మూడు సీజన్లయింది. ఆయన మళ్ళీ అడగలేదు. వారం వారం మూడు పండ్లు సంచిలో వేసి, ఇది ఇయ్యాల్టిది, ఇది రేపటిది, ఇది ఎల్లుండిది అని చెప్పి పంపేవాడు. నాకు మాత్రం ప్రతిసారీ అడిగినట్టే ఉండేది. ఇక్కడ కూడా ఆ పేరు రాయడం లేదు. ఇక్కడ రాసి, ఇచ్చిన మాట చెల్లిపోయిందని సంబరపడతానేమోనని నా మీద నాకే అనుమానం.

మొన్న ఆ మూడు సీతాఫలాలు పట్టుకుని నేను నిలబడి ఉంటే, ఆయన కూతురు బండి కింది సంచిలోంచి ఒక కాగితం తీసింది.

“మేడం, డెత్ సర్టిఫికెట్‌కు ఈ ఫారం ఇచ్చిన్రు. ఇంగ్లీషుల నింపాల్నట. జర రాసిస్తరా? మీ గురించి అబ్బ ఎప్పుడూ చెప్తుండె.”

“ఏమని?”

“మేడం కాయలు పండక ఏడుస్తాంటె నేనే పండిచ్చిన, గందుకే ఆమె డాక్టర్ అయింది అని. వచ్చినోళ్ళకందరికి చెప్పేటోడు.”

నేను చెప్పిన జీన్‌ల కథంతా విని, ఇల్లు ఇల్లుగా అర్థం చేసుకుని కూడా, ఆయన తన కథనే ఉంచుకున్నాడు. అందులో నేను రాసిన కాగితం లేదు, జాబితా లేదు. ఏడుస్తున్న పిల్ల ఉంది, సీతాఫలాలు ఉన్నాయి.

పండ్లు పక్కకు జరిపి బండి మీద కాగితం పెట్టుకున్నాను. ఆ అమ్మాయి పెన్ను ఇచ్చింది. మొదటి గడి, చనిపోయినవారి పూర్తి పేరు.

“ఆధార్ కార్డు తియ్యాల్నా మేడం, పేరు సూసి రాయనీకి?”

“వద్దమ్మా,” అన్నాను. “ఇంతకుముందు ఒకసారి రాసిన.”